లాటిన్ తెలిసినవారు కావలెను

"ఇక్కడ ‘కామా పెట్టండి’ అని రాశారు సార్. ఇది కూడా లాటినేనా?"

శ్రావణి కాగితం తిప్పి చూపించేసరికి పట్టాభిరామయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. ‘మీ మేలు మరచిపోను’ అన్న వాక్యానికి ఎదురుగా, లాటిన్ మాటల మధ్యలో, తెలుగులో తను రాసిందే. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోతే ఇంతే మరి.

"పరధ్యానంలో రాసుంటానమ్మా," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఆమె ఆయన ముఖంలోకి ఒక క్షణం చూసింది. ఆ ముక్క కొట్టేసి, కామా పెట్టి, "మిగతాదంతా బాగుంది సార్," అంటూ మర్నాటి కాగితాలు చేతికిచ్చింది.

హైటెక్ సిటీలోని ఆ చిన్న కంపెనీ, విదేశంలో ఎవరికోసమో ఒక సీడీ తయారుచేస్తోంది. మర్యాద మాటలు, చిన్నచిన్న ప్రార్థనలు పన్నెండు భాషల్లో. పదకొండు భాషలకు మనుషులు దొరికారు. పన్నెండోది లాటిన్. పేపర్లో ప్రకటన వేస్తే పట్టాభిరామయ్య ఒక్కడే వచ్చాడు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. బోరబండ నుంచి బస్సులో వచ్చాడు. డబ్బు ఊసెత్తలేదు. "ఇంటికి తీసుకెళ్లి చేసుకొస్తానమ్మా. ముందు పనివ్వండి," అన్నాడు, ఆ పని చూసే శ్రావణితో.

నిజానికి ఆయనకు లాటిన్ ఒక్క ముక్క రాదు.

వచ్చింది ఆయన భార్య అనసూయమ్మకు. కర్నూలు దగ్గరి ఒక కాన్వెంటులో వంటమనిషి కూతురావిడ. అక్కడి విదేశీ మదర్ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పదేళ్లు లాటిన్ చెప్పింది. పెళ్లయ్యాక ఆ చదువుతో పనే పడలేదు. రెండేళ్ల కిందట ఆవిడకు చూపు పోయింది. అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకోవడమే. పిలిచినా పలికేది కాదు. ఆ ప్రకటన చదివి వినిపించిన రోజున మాత్రం లేచి కూర్చుంది.

"పోయి తెండి. నా పేరు మాత్రం చెప్పొద్దండి."

"ఎందుకే?"

"కండ్లు లేనిదని తెలిస్తే జాలిపడి ఇస్తారు. జాలిపని నాకొద్దు. నిజంగా వాళ్లకు కావాలంటేనే చేస్తా."

ఇక రోజూ సాయంత్రం ఆయన చదవడం, ఆవిడ అక్షరం అక్షరం చెప్పడం, ఆయన రాయడం.

"ప్లీజ్ అనేదానికి వాళ్లకు విడిగా మాట లేదు. ‘నీకు ఇష్టమైతే’ అనాల. సి ప్లాచెత్. రాసినారా?"

"రాసినాలే. మరి ‘మీకు’ అనాలంటే?"

"మీరూ గీరూ లేవు. దేవునికైనా, పనిమనిషికైనా నువ్వే."

"అయితే నన్ను కూడా నువ్వనొచ్చు."

అనసూయమ్మ పకపకా నవ్వింది. రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

నెల తిరిగేసరికి ఆవిడ తనంతట తానే తల దువ్వుకుని, నాలుగింటికల్లా కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టింది. బస్సు ఆలస్యమైతే కోప్పడేది. కాగితాలే కొంచెం మారాయి. మొదట్లో అచ్చువేసి ఇచ్చేవారు. ఇప్పుడు శ్రావణి చేత్తో రాసిస్తోంది. ప్రింటరు చెడిపోయిందట. వాక్యాలూ వేరుగా ఉంటున్నాయి. ‘అమ్మ చేతి అన్నం తిని చాలా రోజులైంది.’ ‘మీ గొంతు ఒకసారి వినాలని ఉంది.’ ‘పరాయి ఊళ్లో జ్వరం వచ్చినప్పుడు చేసుకునే ప్రార్థన.’

"ఈ సీడీ ఎవరు కొంటారో గానీ, రాసే పిల్ల మాత్రం ఒంటరిది," అంది అనసూయమ్మ. ఆ ప్రార్థన కోసం రెండు రోజులు ఆలోచించింది.

ఎండలు పోయి వానలు మొదలయ్యాక ఒకరోజు శ్రావణి అంది. "రాసే పని అయిపోయింది సార్. ఇక మీరు చదివితే గొంతు రికార్డు చేస్తాను."

పట్టాభిరామయ్య కాగితాలు బల్లమీద పెట్టేశాడు.

"నేను మోసం చేసినానమ్మా," అని మొదలుపెట్టి అంతా చెప్పేశాడు.

ఆమె ఆశ్చర్యపోలేదు. "శనివారం రెండింటికి అమ్మగారిని తీసుకురండి. ఆలస్యం చేయొద్దు," అంది.

ఇంటికొచ్చి బెదురుతూనే చెప్పాడు.

"తెలిసిపోయిందా? జాలిపడిందా?" అడిగింది అనసూయమ్మ.

"లేదే. ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పింది."

ఆవిడ లేచి నిలబడింది. "అయితే పనే," అంటూ పట్టుచీర తీయమంది.

శనివారం కావడంతో ఆఫీసు దాదాపు ఖాళీగా ఉంది. శ్రావణి అనసూయమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మైకు ముందు కూర్చోబెట్టింది. శ్రావణి ఒక్కో వాక్యం తెలుగులో చదువుతుంటే, ఆవిడ గంటసేపు ఎక్కడా తడుముకోకుండా లాటిన్‌లో చెప్పింది. జ్వరం ప్రార్థన దగ్గర శ్రావణి ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"ఏమ్మా, తప్పు పలికితినా?"

"లేదమ్మా. ఇంకోసారి చెప్తారా?"

చెప్పింది. శ్రావణి ఆవిడను నడిపించుకుంటూ లిఫ్టు వైపు తీసుకెళ్లింది. గొడుగు మరిచిపోయి పట్టాభిరామయ్య వెనక్కి వచ్చాడు. ఊరి నుంచి అప్పుడే దిగినట్టుంది, మేనేజరు శివశంకర్ పెట్టెతో ఎదురుపడ్డాడు.

"సార్, ఒక్క మనవి. సీడీ మీద నా పేరు తీసేసి అనసూయమ్మ అని వేయించండి."

"ఏ సీడీ అండీ?"

"అదే సార్, మర్యాద మాటలు, ప్రార్థనలు..."

శివశంకర్ అయోమయంగా చూశాడు.

"అది ఆగిపోయి మూణ్నెల్లయిందండీ! శ్రావణి చెప్పలేదా?"