గడియ వేసి చూసినాయన

ఎవరో బడి బాత్రూములోకి వెళ్ళి, లోపల గడియ వేసి, తీసి, మళ్ళీ వేస్తున్నారు.

కిటికీకి రంగేస్తున్న టైలరు చెయ్యి ఆగిపోయింది.

మన టైలరు కూతురు ఆ బడిలోనే మూడో తరగతి. తల్లిదండ్రుల కమిటీకి పెద్ద కూడా ఆయనే. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, కొన్నాళ్ళుగా బడినే ఇల్లు చేసుకున్నాడు.

చేసుకోక ఏం చేస్తాడు మరి? ఆ సాయంత్రం అయిదు లోపు ఒకటో తరగతిలో ఇంకొక్క బిడ్డ చేరకపోతే బడి మూసేస్తామని పైనుంచి మాటొచ్చింది.

మూస్తే పిల్లలంతా లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటి అవతలి బడికి పోవాలి. టైలరు కూతురికి ఒక చెవి సరిగ్గా వినపడదు. ఆ రోడ్డు తలుచుకుంటే చాలు, ఆయనకి ముద్ద దిగట్లేదు.

అందుకే అందరూ తలో చెయ్యీ వేశారు. పిల్లల నాన్నల్లో ఒకాయన ప్లంబరు, కుళాయిలన్నీ ఆయనే బిగించాడు. టీచర్లు గోడలు కడిగారు. బాత్రూములకి కొత్త తలుపులు, గడియలు పెట్టించారు. పెద్ద మేడం ఇంకాస్త గడువు అడగడానికి పొద్దున్నే విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళింది.

బాత్రూములోంచి బయటికొచ్చిన మనిషి కొత్తవాడు.

కుళాయి తిప్పాడు. నీళ్ళు దోసిట్లో పట్టి వాసన చూశాడు. చిన్న మేడం దగ్గరికెళ్ళి, ఇక్కడ పిల్లల్ని కొడతారా అని అడిగాడు. బిడ్డ ఏడుపు ఆపకపోతే ఇంటికి కబురు చేస్తారా అని కూడా అడిగాడు.

ఆవిడ పాపం నవ్వుతూనే చెప్తోంది. టైలరుకే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎందుకంటే పోయిన నెల ఇలాగే ఒకడొచ్చాడు. బిడ్డని చేర్చాలి, బడి చూస్తానన్నాడు. వీళ్ళు వెర్రిబాగుల మనుషులు, దగ్గరుండి అంతా చూపించారు. వారం తిరక్కుండా వీధి చివరి ప్రైవేటు బడివాళ్ళు ఇంటింటికీ తిరిగి, అక్కడ బాత్రూములకి తలుపులే లేవంట అని చెప్పి సగం మంది పిల్లల్ని లాక్కుపోయారు.

ఒకసారి కాలిన చెయ్యి. ఊరుకుంటుందా?

టైలరు బ్రష్షు డబ్బాలో పడేసి ఎదురెళ్ళాడు.

"మీ బిడ్డ ఏ క్లాసు?"

"ఇంకా చేర్చలేదన్నా."

పోయిన నెల వాడూ అచ్చం ఇదే మాటన్నాడు.

పెద్ద మేడంతోనే మాట్లాడాలి, ఆవిడొచ్చాక చెప్తానన్నాడు ఆ మనిషి. చూపు మాత్రం గేటు వైపే ఉంది.

ఇంతలో ప్లంబరు వచ్చి ఆయన మొహంలోకి తేరిపార చూశాడు.

"టైలరన్నా, ఈయన ఆ ప్రైవేటు బడి వ్యాను తోలే డ్రైవరు. రోజూ మా సందులోంచే పోతాడు."

అంతే, రంగు చేతులతో, చీపుర్లతో అందరూ చుట్టూ మూగారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, డ్రైవరు చేతులు ఓ చోట ఉండట్లేదు. కాసేపు చొక్కా గుండీ, కాసేపు జేబు.

"ఈసారి ఏం చూసి రమ్మన్నాడు మీ ఓనరు?"

"ఓనరుకి తెలీదన్నా. జ్వరమని చెప్పి వచ్చాను. మేడం వచ్చేదాకా ఉండనివ్వండి."

"బాత్రూము గడియలు వేసి చూస్తే తగ్గే జ్వరం నేనెక్కడా వినలేదమ్మా," అంది చీపురు పట్టుకున్నామె.

అందరూ నవ్వారు. టైలరు నవ్వలేదు. ఆ ప్రైవేటు బడివాళ్ళు వీళ్ళ గోడ మీదే అంటించి పోయిన పోస్టరు మీద నంబరుంటే, చూసి నొక్కాడు.

"ఫోను వద్దన్నా. నీకు దణ్ణం పెడతా, నా పని పోతుంది."

అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు.

ఓనరు ఎత్తగానే స్పీకరు పెట్టి కడిగిపారేశాడు. మా గుట్టు లాగడానికి డ్రైవర్ని పంపిస్తారా, మీరు చదువు చెప్పే మనుషులేనా అన్నాడు.



"మా డ్రైవరా? మీ బడిలోనా?" అని, తర్వాత నిదానంగా అన్నాడు ఓనరు. "సరే. రేపట్నుంచి బండి దగ్గరికి రావద్దని చెప్పండి."

డ్రైవరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

టైలరుకి లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. దాన్ని అక్కడే నొక్కేశాడు.

"ఇద్దరూ భలే ఆడుతున్నారు నాటకం. నడువు."

డ్రైవరు కదిలాడు. గేటు దాకా వెళ్ళి మాత్రం ఆగాడు.

"గడియ కాస్త కిందికి పెట్టించండన్నా. చిన్నపిల్లలకి అందదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అయిదు కావస్తుండగా పెద్ద మేడం చెమటలు కక్కుకుంటూ వచ్చింది. గడువు కుదరదన్నారట. అయినా మొహంలో దిగులు లేదు.

"పోనీలెండి, ఇక గడువుతో పనేముంది. ఆయన వచ్చారా?"

"ఎవరండీ?"

"వ్యాను డ్రైవరు."

జరిగిందంతా చిన్న మేడమే చెప్పింది, ఫోను సంగతితో సహా.

పెద్ద మేడం చేతిలో సంచీ బల్ల మీద పెట్టి ఫోను చేసింది. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. అదే.

టైలరు రోడ్డు మీదికి పరిగెత్తాడు. అటూ లేడు, ఇటూ లేడు. లారీలు పోతున్నాయి.

తిరిగొచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకొచ్చాడు మేడం ఆయన?"

ఆవిడ కుర్చీలో కూలబడింది. తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఎవరికీ చెప్పొద్దని ఆయన బతిమాలితే మీక్కూడా చెప్పలేదంది.

"ఆ వ్యాను ఎక్కే పిల్లల అమ్మానాన్నలు కొందరు, నువ్వు ఆ బడి చూసొచ్చి బాగుందంటే మా పిల్లల్నీ అక్కడే వేస్తామన్నారట టైలరు గారూ, ఆయన మాత్రం, ముందు నా కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చి, ఆ తర్వాతే మీకు చెప్తానని వచ్చాడు."