యెమీమా

పాస్టరుగారు పాపను చేతుల్లోకి తీసుకుని పేరు అడిగారు.

"యెమీమా," అంది నా కోడలు.

"నోరు తిరిగే పేరే దొరకలేదటండీ మా కోడలికి," అన్నాను. అందరూ నవ్వారు.

"మంచి పేరమ్మా. పావురం అని అర్థం. యోబుగారు బిడ్డలందర్నీ పోగొట్టుకున్నాక దేవుడిచ్చిన కూతురు," అన్నారాయన.

"మరి ముందు పోయిన బిడ్డల పేర్లేంటండీ?" అని అడిగింది నా కోడలు.

"బైబిల్లో రాయలేదమ్మా."

నా నవ్వు ఆగిపోయింది. నిరుడు కాన్పులోనే పోయిన పెద్ద మనవరాలికి మేము పేరు పెట్టలేదు. ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తము. కానీ పాప నిద్రపోయాక కూడా నా కోడలు రెండోసారి జోల పాడుతూ ఉంటుంది.

పాస్టరుగారు పాప తల మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకున్నారు.

"ఆగండయ్యగారూ, ఆ పేరు దీనికి కాదు, వాళ్ళక్కకి. దీనికి రేపు ఇంకోటి చూసుకుంటాం. అక్కడ దాన్ని ఏమని పిలుస్తున్నారో ఏమో!" అంటూ నా కోడలు రెండు చేతులూ చాపింది.

ఆయన పాపను నాకందించి, ఆ ఖాళీ చేతుల మీద చెయ్యి ఉంచి ప్రార్థన మొదలుపెట్టారు.