గేటు దాకా వచ్చిన గంట

పగలు అధికారులు పట్టుకెళ్లిన వాగు నీళ్లలో సీసం గీసం ఏమీ లేదని కాగితం వచ్చింది. ఎందుకుంటుంది? మందుల కంపెనీ గొట్టం తెరిచేది అర్ధరాత్రి. అందుకే మొగులమ్మ ఆ వేళకే ఖాళీ బాటిల్ పట్టుకుని ఒంటరిగా లక్డారం వాగుకు వెళ్లింది.

నీళ్లు ఘాటుగా వాసన కొడుతున్నాయి. ఒక్క కప్ప కూడా అరవడం లేదు. ఆమె వంగి బాటిల్ ముంచబోతుంటే, పక్కనే ఏదో గుటగుటా నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపించింది. వెంటనే మెడగంట మోగింది.

పగుళ్లిచ్చిన ఆ గంట గొంతు ఆమెకు తెలుసు. నిరుడు ఎండాకాలం ఈ నీళ్లు తాగి ఊళ్లో చచ్చిన బర్రెల్లో ఆమెదీ ఒకటి. దాన్ని గంటతో సహా పాతిపెట్టింది.

టార్చి వేసి చూసింది. ఒడ్డున ఏమీ లేదు. బురదలో అప్పుడే పడిన గిట్టల గుంటల్లోకి మాత్రం నీరు ఊరుతోంది.

మొగులమ్మ పరుగెత్తలేదు. బాటిల్ నింపి మూత బిగించింది.

"ఈడ తాగకే. నా ఎంబడి రా," అంది.

కంపెనీ గేటు దాకా గంట చప్పుడు వెనకే వచ్చింది. వాచ్‌మన్ టార్చి వెలుగు ఆమె మీద పడింది. తర్వాత ఆ వెలుగు ఆమె వెనక్కి జరిగి, అక్కడే నిలిచిపోయింది.

"అవ్వా, గిన్ని బర్లను ఏడికి తోల్కపోతున్నవ్?"

మొగులమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

"గేటు తియ్యి బిడ్డా. మీ సారు తాగే నీళ్లే తాగుతయంట."