లూజు వైరు

తిరుగుతున్న ఫ్యాను ఠక్కున ఆగిపోయింది. పక్కనున్న బల్బూ ఆరిపోయింది. షకీలా కుట్టు ఆపి, గోడకున్న తెల్ల డబ్బా వైపు గుర్రుగా చూసింది.

"రేపన్న పిల్ల ఇజ్జత్ కాపాడవే!" అని దాన్ని తిట్టింది.

ఆ డబ్బా సుజన చేసింది. ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు తింటోందో ఫోన్లో చూపిస్తుంది. ఫోన్లోంచే ఫ్యాను, బల్బు వెయ్యొచ్చు, ఆపొచ్చు. సుజన సొంతూరు డోంగ్లి. బాన్సువాడలో కిరాయి రూములో ఒక్కతే ఉండి చదువుకుంటోంది. ప్రాజెక్టు బిగించడానికి ఇల్లు వెతుక్కుంటూ ఈ టైలరమ్మ గుమ్మం ఎక్కింది. రేపు కాలేజీ సార్లు వచ్చి చూస్తారు. చూశాక డబ్బా విప్పుకుపోవడమే.

ఆ తర్వాత ఈ ఇంట్లో షకీలా, కుట్టుమిషను, అంతే. జాకెట్లు ఇచ్చేవాళ్లు కొలతలు చెప్పి పోతారు గానీ, తిన్నావా అని ఎవరడుగుతారు? సుజన అడిగేది. ఒకరోజు ఫోన్ చేసి మరీ, "ఇయ్యాల మీ మిషను తిరగనే లేదేంది ఆంటీ, పానం మంచిగ లేదా?" అంది. షకీలా కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మొన్నామధ్య పిల్ల రాక తగ్గింది. షకీలా ఉండబట్టలేక డబ్బా కింది వైరు కాస్త లాగింది. సుజన పరుగెత్తుకొచ్చింది. రొట్టె తిని, కబుర్లు చెప్పి, చీకటిపడ్డాక వెళ్లింది. షకీలా ఇంకోసారి లాగింది. తర్వాత తప్పని మానేసింది. అలుసిస్తే నెత్తికెక్కినట్టు, డబ్బా మాత్రం తనంతట తానే ఆగడం మొదలుపెట్టింది.

"మల్ల బందయిందా ఆంటీ?"

కబురు పెట్టకముందే సుజన గుమ్మంలో ఉంది.

"అయింది బేటీ. రేపు సార్ల ముంగట గిట్లనే ఆగితే ఎట్ల?"

"ఎట్లేముంది, ఫెయిలైత." సుజన స్క్రూడ్రైవరు తీసి మూత విప్పింది. లోపలికి చూస్తూ నిలబడిపోయింది.

షకీలా మిషను దగ్గర్నుంచి లేచింది. చెప్తే ఈ పిల్ల మళ్లీ గడప తొక్కదు. చెప్పకపోతే పిల్ల చదువు గంగలో కలుస్తుంది.

"బేటీ, కొట్టినా పడ్త. నీ డబ్బా ఖరాబు చేసింది నేనే. రెండుసార్లు వైరు గుంజిన."

"ఎందుకు?"

"నువ్వొస్తవని. ఇగ దానికి అదే అలవాటయింది. రేపు నీ సార్లకు నేనే చెప్త, పిల్ల తప్పేం లేదని."

సుజన తల తిప్పలేదు. మూత బిగించింది. ఫోన్ తీసి బొటనవేలితో నొక్కింది. ఫ్యాను గిర్రున తిరిగింది, బల్బు వెలిగింది. ఆ వెలుగులో చూస్తే పిల్ల కళ్ల నిండా నీళ్లు.

"గా రెండుసార్లు నాకు తెల్సు ఆంటీ. మిగిలినయన్నీ నేనే... రూముల ఒక్కదాన్ని ఉండబుద్ది గాక, ఫోన్ల నుంచే బంద్ చేసి ఉరికొచ్చిన."