రాయి చాటు గడ్డి

వాలు ఎక్కితే గిట్టలు నొప్పెడతాయని గొర్రెల మంద ఏడాదంతా వాగు పక్క చదును నేలనే మేసింది. వేసవి చివరికి అక్కడ మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. కొండవాలు మీద ఒక పెద్ద రాయి చాటున మాత్రం, ఏ మూతీ అందని చోట, గుప్పెడు గడ్డి గింజల వెన్ను వేసి నిలబడింది.

"ఆ రాయిని దొర్లించేస్తాను," అంది పొట్టేలు.

"వద్దురా," అంది ముసలి గొర్రె. "ఏటా తొలివాన ఆ గింజల్నే కిందికి తెస్తుంది. మన పచ్చికకు పుట్టిల్లు అదే."

"ఆకలితో చస్తుంటే గింజల మాటెందుకే అవ్వా!"

మూడు కుమ్ములకు రాయి దొర్లి వాగు ఒడ్డున పడింది. గడ్డి ఒక్క నోటికే అయిపోయింది.

వానలొచ్చాయి. అడ్డులేని నీళ్లు వాలును కోసుకుంటూ దిగి, చదునంతా గులకరాళ్లు పరిచాయి. కింద పచ్చిక ఉందేమోనని గొర్రెపిల్లలు ఆ రాళ్లను మూతులతో తోసి చూస్తున్నాయి.

అది చూడలేక పొట్టేలు వాగు దగ్గరికెళ్లి, పెద్ద రాయిని పైకి నెట్టబోయింది. కొమ్ము విరిగింది. రాయి కదల్లేదు.

"దించడానికి మూడు కుమ్ములు చాలాయి," అంది ముసలి గొర్రె. "ఎక్కించడానికి నీ ఆయుష్షు చాలదు నాయనా."