ఇంటర్వెల్ తర్వాత

"సారూ, దెయ్యమంటే ఆయనకు భయం ఎప్పుడు పోయింది?"

వెనక వరుసలోంచి వచ్చిన ప్రశ్నకు అందరూ తలలు తిప్పి చూశారు.

హబ్సిగూడలోని ఆ కోచింగ్ సెంటర్ గది ఆదివారం పూట సినిమా పిచ్చోళ్లది. సినిమాలను ముక్కముక్కలుగా విప్పి చెప్పే యూట్యూబ్ చానల్ దుర్గేష్‌ది. నెలకోసారి ఇక్కడ ఒక సినిమా పట్టుకుని దాని అంతు చూస్తాడు. ఈసారి వంతు ఒక దెయ్యం సినిమాది. చచ్చిపోయిన పెళ్లాం మొగుడి కోసం ఇంటికి తిరిగొచ్చే కథ.

అప్పటిదాకా అతను కెమెరా గురించి దంచుతున్నాడు. దెయ్యం వచ్చినప్పుడల్లా కెమెరా నేలబారున ఉందట. అది డైరెక్టర్ శైలి అట. ప్రశ్న అడిగిన లక్ష్మీనర్సమ్మకు అందులో ముక్క అర్థమైతే ఒట్టు. అరవై దాటిన ఆమె నాచారం నుంచి షేర్ ఆటోలో పడి వచ్చింది కెమెరా గొడవ వినడానికి కాదు.

"మంచి ప్రశ్నమ్మా. సినిమా చూసిన్రా?" అన్నాడు దుర్గేష్.

"మూడుసార్లు జూసిన. ఉప్పల్ల."

ముందు వరుసలో కిసుక్కుమన్నారు. ఈ వయసులో దెయ్యం సినిమా, అదీ మూడుసార్లు! నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. ఆమె గోల ఆమెది.

"మా ఇంట్ల సుత గిదే కథ నడుస్తుంది సారూ. ఇంట్ల దెయ్యం తిరుగుతుందంటడు మా ఆయన. పళ్లెం ముంగట వెడితే, దెయ్యం చెయ్యి వెట్టిందని నూకేస్తడు. మనిషి సగమైండు. తాయెత్తు గట్టిచ్చిన. దవాఖానాల సూపిచ్చిన. గోళీలిచ్చిన్రు. గోళీలైనా అన్నం తిన్నంకనే గద ఎయ్యాలె."

"మరి మీకు కనబడుతదా, ఆ దెయ్యం?"

ఆమె కొంగు సర్దుకుంది.

"కనవడుతది సారూ. అద్దంల."

గదిలో ఎవరూ నవ్వలేదు. దుర్గేష్ కూడా మైకు పక్కన పెట్టి, ఈసారి ఆమె ఒక్కదానికే చెబుతున్నట్టు చెప్పాడు.

"అమ్మా, ఈ సినిమాల దెయ్యం చెడ్డది కాదు. మొండిది. ఇంటర్వెల్ దాకా ఏం జేస్తది? 'నేను పోలే, నేను పోలే' అనుకుంట మొగని ఎంబడి వడతది. ఆయనకేమో పాడె మోసిన సంగతి యాదికున్నది. కండ్లు ఒకటి చెప్తుంటె, మనసు ఒకటి చెప్తది. అందుకే జడుసుకుంటడు. ఇంటర్వెల్ తర్వాత ఒక్కటే సీను. ఆమె గడప అవతల్నే కూసుంటది. 'అవ్, పోయిన' అంటది. ఆడికెళ్లి ఆయనకు భయం లేదు. కథ మొత్తం ఆ ఒక్క మాట మీదనే తిరిగింది."

"గంతేనా? ఒప్పుకోవుడేనా?"

"ఒప్పుకోవుడే. కాకపోతే ఆ మాట అనుడు ఆమెకే కష్టం."

లక్ష్మీనర్సమ్మకు ఏడుపొచ్చింది. అందరిలో ఎందుకని కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

నాచారంలో ఆటో దిగి గల్లీలోకి తిరిగితే, మలుపులో కరెంటు స్తంభానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఇంకా వేలాడుతూనే ఉంది. అందులో ఉన్నది ఆమె అక్క వెంకటనర్సమ్మ. అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకే అచ్చు. లక్ష్మీనర్సమ్మ మొగుడు రామస్వామి కూడా ఆ పాడెకు భుజమిచ్చాడు. ఆ రోజు నుంచే ఇంట్లో ఈ దెయ్యం గోల. ఎదురొచ్చిన కూరగాయలామె ఫ్లెక్సీనీ లక్ష్మీనర్సమ్మనూ మార్చి మార్చి చూసి, బండి పక్కకు లాక్కుంది.

ఇంట్లో మిట్టమధ్యాహ్నమే తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. రామస్వామి నవారు మంచం మీద గోడకు అంటుకుపోయి కూర్చున్నాడు. నాచారం ఫ్యాక్టరీలో ఇనుప రాడ్లు ఎత్తిన మనిషి. ఇప్పుడు చూస్తే గుప్పెడు ఎముకలు. ఆమెను చూడగానే, "అగో, మల్ల వచ్చింది!" అని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

ఇన్నాళ్లూ ఆమె పరుగున వెళ్లి దుప్పటి లాగేది. ఇవాళ లోపలికి అడుగు పెట్టలేదు. అన్నం, పచ్చిపులుసు కలిపిన పళ్లెం గడప లోపలికి జరిపి, తను అవతలే కూర్చుంది.

చాలాసేపటికి దుప్పటిలోంచి రెండు కళ్లు కనిపించాయి.

"నువ్వు పోయినవ్ గద?" అన్నాడు.

ఆమె పళ్లెం ఇంకొంచెం లోపలికి తోసింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"అవ్," అంది చివరికి. "పోయిన. నువ్వు తిన్నవో లేదో సూద్దామని వచ్చిన."

ఆయన భుజాలు దిగాయి. దుప్పటి తీశాడు. ఎన్నాళ్లకో ఆ మొహంలో భయం లేదు.

"ఆడ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. నీ ఫికరే నాకు."

"నువ్వు లేకుంటె ఇల్లు ఇల్లు లెక్క లేదే, నర్సవ్వా."

మంచం దిగి, పళ్లెం దగ్గరికి జరిగి ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. "ఉప్పు తక్కువేసినవ్," అని గొణిగి మూడోదీ తిన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. డ్యూటీ దిగి వచ్చిన కూతురు సంతోషి, తండ్రి తినడం చూసి సంతోషం పట్టలేక అరవబోయింది.

లక్ష్మీనర్సమ్మ గబుక్కున లేచి ఆమె నోరు మూసి చెవిలో చెప్పింది: "మెల్లగ బిడ్డా, నేను బతికే ఉన్నన్నంటే మీ బాపు మల్ల అన్నం ముట్టడు."