నీళ్లెవడబ్బ సొమ్ము

"ఏమమ్మా, నీకే చెప్పేది. పడవ తియ్ అక్కణ్ణించి."

డెలోరిస్ తియ్యలేదు. తన రేకు పడవని ఇంకాస్త ముందుకు పోనిచ్చి, పడవలు కట్టేసే డాకు వాకిలికి సరిగ్గా అడ్డంగా నిలిపి లంగరు వదిలింది. ఆ తర్వాతే గేలం కర్ర చేతిలోకి తీసుకుంది.

డాకు చెక్కల మీద తెల్లటోపీ మనిషి నిలబడి ఉన్నాడు. అతని వెనక, కప్పు నీడలో, ఎర్రగా మెరిసిపోతూ పెద్ద పడవ. దాన్ని కట్టిన తాళ్లు అప్పటికే విప్పేశాడు. ఆఖరిది చేతిలో ఉంది.

ఆ ఎర్ర పడవ బయటికి రాకూడదు. డెలోరిస్‌కి కావాల్సింది అంతే. ఆ మోటారు ఒక్కసారి గర్జించిందంటే ఇక చేసేదేం లేదు. డాకు కింద నీడకి చేరిన బాస్ చేపలు ఒక్కటీ నిలవవు.

"వినపడలేదా? ఇది నా డాకు."

"డాకు సంగతి సరే బాబూ. నీళ్లెవడబ్బ సొమ్ము?"

అలబామాలో ఈ సరస్సు చుట్టూ ఎప్పుడూ ఇదే గొడవ. నదికి అడ్డుకట్ట వేసి నింపిన నీళ్లు, జనం నీళ్లు. ఒడ్డున నాలుగు స్తంభాలు దిగ్గొట్టుకున్నవాడు కింద ఈదే చేపకి కూడా తానే యజమాని అనుకుంటాడు. గేలం కనపడితే చాలు, మెట్లు దిగొచ్చి అరుస్తాడు. రేకు పడవలవాళ్లు తల దించుకుని పోతారు. తెల్లటోపీ కూడా అదే అనుకున్నట్టున్నాడు.

డెలోరిస్ మోచెయ్యి తిప్పి విసిరింది. గేలానికి ఎరగా కట్టిన వెండి రంగు స్పూను నీళ్ల మీద తక్కువ ఎత్తులో దూసుకుపోయి, కప్పు కింద దూరి, స్తంభం పక్కన బుడుంగున మునిగింది. దారం వదులు చేసింది. చెంచా ఆకారపు రేకుముక్క, చచ్చే చేపపిల్లలా తళుక్కుమంటూ, అటూ ఇటూ ఊగుతూ కిందికి పోయింది. కర్ర ఎత్తింది. మళ్లీ వదిలింది. బాస్ పట్టేది ఎత్తేటప్పుడు కాదు, పడేటప్పుడే. ఈ పనికి తొందర పనికిరాదు. ఇవాళ అసలే పనికిరాదు.

"నేను బయటికి పోవాలి. అవతల మనుషులు ఎదురుచూస్తున్నారు."

"చూడనీ. ఒక్క చేప పడగానే తప్పుకుంటా."

"నీకు చేప పడేదాకా నేను కూర్చోవాలా?"

"కూర్చో. నీడగానే ఉందిగా."

రెండో విసురు కొంచెం గురి తప్పింది. స్పూను పోయి ఎర్ర పడవ పక్కకి ఠంగున తగిలింది. డెలోరిస్ గుండె ఝల్లుమంది. అతను అటు చూడను కూడా చూడలేదు. అతని కళ్లు రేకు పడవ మీదా, దాని వెనకున్న ఖాళీ నీళ్ల మీదా ఉన్నాయి.

డాకు గోడకి తగిలించిన పొడుగాటి కొక్కెం కర్ర తీశాడు.

"మర్యాదగా చెప్తున్నా."

"మర్యాద ఆ కర్రకుందా, నీకుందా?"

కొక్కెం వచ్చి రేకు పడవ అంచుకి ఆనింది. నెట్టాడు. పడవ ఊగింది, లంగరు తాడు బిగిసింది. సరిగ్గా అప్పుడే చేతిలో గేలం కర్ర విల్లులా వంగింది. బరువైన చేప. స్తంభాలకి దూరంగా లాగాలంటే లంగరు ఎత్తాలి, పడవ తిప్పాలి. తిప్పితే వాకిలి తెరుచుకుంటుంది.

డెలోరిస్ కర్ర దించేసి దారం సడలించింది. చేప ఒక్కసారి నీళ్ల పైకెగిరి తల విదిలించింది. దాని నోట్లోంచి స్పూను ఊడిపోయింది.

"పోయిందిగా," అన్నాడు తెల్లటోపీ. "ఇక నడు."

"ఇంకోటుంటుంది."

అతని మొహం మాడిపోయింది. కొక్కెం కర్ర ఈసారి పడవ అంచు మీద లేదు. ఆమె ఛాతీకి ఎదురుగా ఉంది. కొక్కెం కొస తుప్పుపట్టి ఉంది. డెలోరిస్ కదల్లేదు.

"అంత కష్టమెందుకు బాబూ? షెరీఫ్‌కి ఫోన్ చెయ్. చట్టం నీ పక్షమైతే నన్ను ఈడ్చుకుపోతారు."

అతను జేబు తడుముకున్నాడు. "ఫోను ఇంట్లో ఉంది."

"నాది ఉందిలే." డెలోరిస్ ఫోను చెవికి ఆనించి, స్తంభం మీద రాసిన డాకు నంబరు చూడకుండానే గట్టిగా చెప్పింది. "అవునండీ, గేలం గొడవే. డాకు ఓనరుకి మహా కోపంగా ఉంది. వంతెన దగ్గర మీ పడవ ఉంటుందిగా, త్వరగా పంపండి."

కర్ర కిందికి దిగింది. అతని గొంతు మెత్తబడింది.

"ఎందుకమ్మా ఇదంతా. నువ్వు పొద్దుగూకేదాకా పట్టుకో, నేనేమన్నా అన్నానా? కాస్త దారియ్యి చాలు, పోతాను."

"అదేం మాట. పిలిచాక ఉండొద్దూ? తేలిపోనీ."

ఆమె మళ్లీ విసిరింది. స్పూను మునిగింది. ఎత్తింది. వదిలింది. అతను ఒడ్డున ఇంటి వైపు మెట్లకేసి చూశాడు, నీళ్లకేసి చూశాడు. ఎర్ర పడవలోకి ఒక కాలు పెట్టాడు, తీశాడు.

మలుపు అవతల మోటారు చప్పుడు వినపడింది. షెరీఫ్ ఆఫీసు పడవ వచ్చి రేకు పడవ పక్కన ఆగింది. డెప్యూటీ హోల్ట్ చుక్కాని దగ్గర్నుంచి లేచాడు.

తెల్లటోపీ టోపీ సర్దుకుని, ఛాతీ విరుచుకుని, తనే ముందు అందుకున్నాడు. "మంచి టైముకి వచ్చారు సార్. ఈవిణ్ణి నా డాకు దగ్గర్నుంచి పంపించెయ్యండి. చెప్తే వినదు, నా పడవకి కూడా గీత పెట్టింది."

హోల్ట్ అతన్ని చూశాడు. విప్పిన తాళ్లని చూశాడు. తర్వాత ఇటు తిరిగి అడిగాడు.

"డెలోరిసక్కా, నీ డాకులో ఈయనెవరు?"